కాస్మిక్ కిరణాలు, వాటిని పట్టే డిటెక్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు, బడిలో సైన్స్ చెప్పే టీచర్లు, పేపర్లో ఏదో వార్త చూసి ఆసక్తి పుట్టినవాళ్లు నన్ను ఏడాది పొడవునా దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కడి నుంచైనా చదవొచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తి. ఉదాహరణలు చాలావరకు మన దేశానివే తీసుకున్నాను. కోలార్ గనుల్లో, ఊటీలో, హైదరాబాద్‌లో జరిగిన పనికి మన పాఠ్యపుస్తకాల్లో దక్కాల్సిన చోటు దక్కలేదని నా బాధ.

## మొదట్లో వచ్చే సందేహాలు

కాస్మిక్ కిరణాల్లో అసలు ఉండేది ఏమిటి? ఎవరు కనిపెట్టారు?

అంతరిక్షం నుంచి దాదాపు కాంతి వేగంతో దూసుకొచ్చే పరమాణు కేంద్రకాలు. పదింట తొమ్మిది వంతులు ప్రోటాన్లే. మిగతావాటిలో హీలియం ఎక్కువ, ఇనుము దాకా బరువైనవి కొద్దిగా ఉంటాయి. 1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ హైడ్రోజన్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎక్కాడు. రేడియేషన్ అంతా నేలలోంచే వస్తోందని అప్పట్లో అనుకునేవాళ్లు. అదే నిజమైతే పైకి పోయేకొద్దీ తగ్గాలి. రేడియేషన్ కొలవడానికి ఆయన పట్టుకెళ్లిన ఎలక్ట్రోస్కోపుల్లో మాత్రం అది పెరుగుతూ పోయింది. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అవి నా ఒంట్లోంచి కూడా వెళ్తున్నాయా?

వెళ్తున్నాయి. అయితే అంతరిక్షం నుంచి వచ్చిన కణం తిన్నగా మీ దాకా రాదు. గాలి పై పొరల్లో ఏదో ఒక కేంద్రకాన్ని ఢీకొంటుంది, పయాన్లనే అల్పాయుష్షు కణాలు పుడతాయి, వాటిలోంచి మ్యూయాన్లు వస్తాయి. మ్యూయాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, బరువు మాత్రం 207 రెట్లు. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ పడుతుంది. అరచెయ్యి చాపితే సెకనుకు ఒకటో రెండో దాటిపోతున్నట్టే.

మ్యూయాన్ ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే కదా, నేల దాకా ఎలా బతుకుతుంది?

2.2 మైక్రోసెకన్లలో కాంతి కూడా 660 మీటర్లు మించి పోదు. మ్యూయాన్లు పుట్టేదేమో దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో. దీనికి జవాబు ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతంలో ఉంది. అంత వేగంగా పోయే కణం గడియారం మన లెక్కన నెమ్మదిగా నడుస్తుంది, అందుకే దాని ఆయుష్షు మనకు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. మన డిటెక్టర్లలో పడే ప్రతి మ్యూయానూ ఆ సిద్ధాంతానికి సాక్ష్యమే.

విమానం ఎక్కితే ప్రమాదమా?

మామూలు ప్రయాణికులు భయపడక్కర్లేదు. 10–12 కిలోమీటర్ల ఎత్తులో గంటకు కొన్ని మైక్రోసీవర్ట్‌ల (మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు) రేడియేషన్ మోతాదు పడుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా పోయేసరికి 0.1 మిల్లీసీవర్ట్‌కు అటూ ఇటూ అవుతుంది. నేల మీద ఉన్నా ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. ఏళ్ల తరబడి విమానాల్లో పనిచేసే సిబ్బంది సంగతి వేరు, వాళ్ల మోతాదును చాలా దేశాలు లెక్కగడతాయి.

ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి?

తక్కువ శక్తివి కొన్ని సూర్యుడి నుంచి వస్తాయి. ఎక్కువ భాగం మన పాలపుంతలో పేలిపోయిన నక్షత్రాల అవశేషాల దగ్గర వేగం పుంజుకుంటాయని బలమైన ఆధారాలున్నాయి. కచ్చితంగా చెప్పడం కష్టం కావడానికి కారణం ఒకటుంది. ఇవి విద్యుదావేశం ఉన్న కణాలు. దారిలోని అయస్కాంత క్షేత్రాలు వాటిని తిప్పి తిప్పి వదులుతాయి కాబట్టి, వచ్చిన దిశ చూసి పుట్టిన చోటు చెప్పలేం. చాలా ఎక్కువ శక్తి ఉన్నవి మాత్రం పాలపుంత బయటి నుంచే వస్తున్నాయని ఆర్జెంటీనాలోని పియెర్ ఓజే అబ్జర్వేటరీ 2017లో చూపించింది.

## పరికరం లోపల ఏం జరుగుతుంది

కణం కంటికి కనిపించదు కదా, డిటెక్టర్‌కి ఎలా తెలుస్తుంది?

ఏ డిటెక్టరూ కణాన్ని చూడదు. కణం దారిలో వదిలిన శక్తిని పట్టుకుంటుంది. ఆవేశం ఉన్న కణం ఏ పదార్థంలోంచి పోయినా అక్కడి ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది. ఆ కదలిక కొన్ని ప్లాస్టిక్కుల్లో మెరుపవుతుంది, వాయువులో విద్యుత్ పల్స్ అవుతుంది, అతిగా చల్లబడ్డ ఆవిరిలో పొగమంచు గీత అవుతుంది. ఎన్ని రకాల డిటెక్టర్లున్నా మూలసూత్రం ఇదే.

సింటిలేటర్ డిటెక్టర్‌లో ఏమేం ఉంటాయి?

కణం దాటితే మెరిసే ఒక ప్రత్యేకమైన ప్లాస్టిక్ పలక (సింటిలేటర్ అంటే ఇదే), ఆ కాంతిని చేరవేసే ఫైబర్లు, చివర ఒక ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్. మ్యూయాన్ ఒక సెంటీమీటరు ప్లాస్టిక్ దాటితే సుమారు 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి వాడే చిన్న కొలత) శక్తి వదులుతుంది. అందులో కొంత నీలి కాంతి అవుతుంది. ట్యూబ్ ఆ కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చి, వాటిని లక్షల రెట్లు పెంచి పల్స్‌గా ఇస్తుంది. పలకకు నల్లటి కాగితమో టేపో ఒక్క సూది బెజ్జం కూడా లేకుండా చుట్టాలి. కొత్తగా కట్టిన డిటెక్టర్ పిచ్చిగా లెక్క చూపిస్తోందంటే ముందు వెతకాల్సింది వెలుతురు చొరబడే సందునే.

ప్రపోర్షనల్ కౌంటర్ అంటే గైగర్ కౌంటరేనా?

చుట్టాలే కానీ ఒకటి కాదు. రెండింట్లోనూ వాయువు నింపిన గొట్టం, మధ్యలో సన్నని తీగ, తీగకు అధిక వోల్టేజి ఉంటాయి. గైగర్ కౌంటర్లో ఏ కణం వచ్చినా పల్స్ ఒకే సైజులో ఉంటుంది. ప్రపోర్షనల్ కౌంటర్లో కణం వదిలిన శక్తిని బట్టి పల్స్ పెద్దదో చిన్నదో అవుతుంది. ఊటీలో వాడేవి 6 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల చదరపు ముఖం ఉన్న ఉక్కు గొట్టాలు. లోపల ఆర్గాన్ 90 శాతం, మీథేన్ 10 శాతం, నట్టనడుమ 100 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ. అంత సన్నని తీగను అంత పొడవునా నడిమధ్యలోనే బిగించి ఉంచడం, వాయువు బయటికి పోకుండా ఏళ్ల తరబడి కాపాడడం ఆషామాషీ పని కాదు. ప్రయోగం గురించి రాసేవాళ్లు ఫలితాలే చెబుతారు కానీ, నా దృష్టిలో ఈ వర్క్‌షాపు పనితనానిది సగం పేరు.

వచ్చిన పల్స్ నిజమైన కణానిదేనని ఎలా నమ్మాలి?

ఈ రంగం మొత్తానికి ఆయువుపట్టు ఈ ప్రశ్న.

ఏ డిటెక్టరూ ఊరికే ఉండదు. వేడికి ఎలక్ట్రాన్లు కదులుతాయి, గోడల్లోని సహజ రేడియోధార్మికత పడుతుంది, కరెంటు లైన్‌లోంచి రొద వస్తుంది. ఒక్క డిటెక్టర్ పెట్టుకుంటే ఏది ఏదో తేల్చలేం. అందుకే ఒకదాని మీద ఒకటిగా రెండో మూడో పెట్టి, అన్నీ ఒకేసారి మోగితేనే లెక్కలో వేస్తాం. దీన్ని కోయిన్సిడెన్స్ అంటారు. జర్మనీలో వాల్తెర్ బోతె ఈ పద్ధతికి దారి వేస్తే, 1930లో ఇటలీకి చెందిన బ్రూనో రోసీ వాక్యూమ్ ట్యూబులతో దాన్ని సులువుగా చేసే సర్క్యూట్ కట్టాడు.

లెక్క చేసి చూస్తే దాని బలం తెలుస్తుంది. ఒక్కో డిటెక్టర్ సెకనుకు 100 దొంగ పల్సులు ఇస్తోందనుకోండి. "ఒకేసారి" అంటే 100 నానోసెకన్ల లోపల అని పెట్టుకున్నాం. రెండు డిటెక్టర్లయితే కాకతాళీయంగా కలిసి మోగేది గంటకు ఏడు సార్లు. మూడోది చేరిస్తే ఏడాదికి ఒక్కసారి! మూడూ దాటిన అసలు మ్యూయాన్ల లెక్క మాత్రం దాదాపు తగ్గదు. ఖరీదైన పరికరం కొనే డబ్బు లేని కాలేజీ ల్యాబ్‌కి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే: ఒక్క మంచి డిటెక్టర్ కంటే మూడు ఓ మోస్తరు డిటెక్టర్లు మేలు.

కణం ఏ దిక్కు నుంచి వచ్చిందో ఎలా చెబుతారు?

ఎక్కువ శక్తి ఉన్న కణం గాలిలో ఢీకొంటే లక్షల, కోట్ల కణాల జల్లు పుడుతుంది. ఆ జల్లు ముందు భాగం అప్పడంలా పలచగా, వెడల్పుగా నేలకు దిగుతుంది. తిన్నగా పైనుంచి వస్తే డిటెక్టర్లన్నీ ఒకేసారి మోగుతాయి. వాలుగా వస్తే ఒక అంచు ముందు తగులుతుంది. కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. 8 మీటర్ల దూరంలో ఉన్న రెండు డిటెక్టర్ల మధ్య 13 నానోసెకన్ల తేడా వచ్చిందంటే జల్లు దాదాపు 30 డిగ్రీల వాలులో వచ్చినట్టు. మొత్తం ఎన్ని కణాలు పడ్డాయో లెక్కేసి మొదటి కణం శక్తిని అంచనా కడతారు.

## పెద్ద ప్రయోగాలు

ఊటీలో ఉన్న ప్రయోగం ఏమిటి?

దాని పేరు గ్రేప్స్-3. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ జపాన్ సంస్థలతో కలిసి నడుపుతోంది. 2,200 మీటర్ల ఎత్తున, 25,000 చదరపు మీటర్ల స్థలంలో ఎనిమిదేసి మీటర్ల ఎడంతో సుమారు 400 సింటిలేటర్ డిటెక్టర్లు పరిచి ఉంటాయి. పక్కనే మందపాటి కాంక్రీట్ కప్పు కింద 560 చదరపు మీటర్ల మ్యూయాన్ టెలిస్కోప్, అందులో 3,712 ప్రపోర్షనల్ కౌంటర్లు. కాంక్రీట్ మిగతా కణాలను ఆపేస్తుంది, 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన మ్యూయాన్లే కిందికి దిగుతాయి. రోజుకు సుమారు 400 కోట్ల మ్యూయాన్లు నమోదవుతాయి.

ఉరుముల మేఘం వోల్టేజిని మ్యూయాన్లతో కొలిచారట, నిజమేనా?

నిజం. 2014 డిసెంబర్ 1న ఊటీ మీదికి వచ్చిన ఉరుముల మేఘం వల్ల మ్యూయాన్ల లెక్క సుమారు 2 శాతం పడిపోయి, 18 నిమిషాల పాటు మార్పు కనిపించింది. గాలిలో పుట్టే మ్యూయాన్లలో ధనావేశం ఉన్నవి కాస్త ఎక్కువ. మేఘంలోని విద్యుత్ క్షేత్రం వాటి వేగం తగ్గిస్తే కొన్ని టెలిస్కోప్ దాకా చేరలేవు. ఆ తగ్గుదల నుంచి వెనక్కి లెక్క కట్టి మేఘంలో 130 కోట్ల వోల్టులున్నాయని తేల్చారు. 2019లో ఫలితం వెలువడింది. మేఘాల్లో 100 కోట్ల వోల్టుల దాకా ఉండొచ్చని కణాల దారిని పొగమంచు గీతలుగా చూపే క్లౌడ్ చాంబర్ కనిపెట్టిన సి.టి.ఆర్. విల్సన్ 1929లోనే ఊహించాడు. బెలూన్లు, విమానాలు పంపినవాళ్లు అంత ఎక్కువ ఎన్నడూ చూడలేదు. అవి మేఘంలో వెళ్లిన దారి ఒక్కటే కొలుస్తాయి, మ్యూయాన్లేమో మేఘాన్ని మొత్తంగా పైనుంచి కిందికి దాటి వస్తాయి. మన దేశంలో జరిగిన ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

కేజీఎఫ్ బంగారు గనిలో న్యూట్రినో దొరికిందంటారు, ఆ కథ ఏమిటి?

కోలార్ గనులు లోకంలోనే లోతైన గనుల్లో ఉండేవి. పైన రాయి ఎంత మందంగా ఉంటే మ్యూయాన్లు అంత తక్కువగా కిందికి చేరతాయి. 1960ల మొదట్లో మియాకే, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి వివిధ లోతుల్లో మ్యూయాన్లను లెక్కిస్తూ పోయారు. అన్నిటికంటే లోతైన చోట రెండు నెలలు నడిపినా డిటెక్టర్లో ఒక్కటీ పడలేదు. ఇంకొకరైతే ఖాళీ చేతులతో వచ్చామనుకునేవారు. వాళ్లకు మాత్రం అక్కడే దారి కనబడింది: మ్యూయాన్ల సందడి లేని చోట న్యూట్రినో (ఆవేశం లేని, దాదాపు దేన్నీ ఢీకొనకుండా పోయే కణం) కోసం కాపు కాయొచ్చు.

టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని డరమ్ యూనివర్సిటీ చేతులు కలిపాయి. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్ లాంటివాళ్లు ముందుండి నడిపించారు. సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, గని వేడిలో, తేమలో ప్లాస్టిక్ సింటిలేటర్లు నిలువుగా గోడల్లా పెట్టి, మధ్యలో నియాన్ ఫ్లాష్ ట్యూబులు అమర్చారు. కణం దాటిన దారిలోని ట్యూబులు వెలుగుతాయి, కెమెరా ఫోటో తీస్తుంది.

గోడల్లా ఎందుకు పెట్టారన్న దాంట్లోనే ఉంది తెలివి. అంత లోతుకు పైనుంచి దిగే మ్యూయాన్లు ఇంచుమించు నిలువుగానే వస్తాయి, ఎందుకంటే వాలుగా రావాలంటే ఇంకా ఎక్కువ రాయి దాటాలి. అడ్డంగా గీత పడిందంటే అది పైనుంచి వచ్చిన మ్యూయాన్ కాదు. భూమిని అవలీలగా దాటే న్యూట్రినో పక్క రాతిలో ఢీకొని పుట్టించిన మ్యూయాన్ అయి ఉండాలి. గాలిలో పుట్టిన న్యూట్రినోలను ఇలా పట్టామని 1965 ఆగస్టులో ప్రకటించారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం కూడా పట్టింది. రెండు పత్రాలూ రోజుల తేడాతో అచ్చయ్యాయి, మనవాళ్లదే ముందు వచ్చింది.

తర్వాత 1980ల్లో అక్కడే ప్రోటాన్ క్షయం (ప్రోటాన్ తనంతట తాను విరిగిపోవడం) చూడడం కోసం 140 టన్నుల డిటెక్టర్ కట్టారు. కొన్ని సంఘటనలు కనిపించాయన్నారు కానీ, అంతకంటే పెద్ద డిటెక్టర్లు వాటిని నిర్ధారించలేదు. 2001లో గనులు మూతపడ్డాయి.

హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద బెలూన్లు వదులుతారట, ఎందుకు? మా పొలంలో పడితే ఏం చెయ్యాలి?

ఈసీఐఎల్ ప్రాంతంలో టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం ఉంది. చాలా పలచటి పాలిథిలీన్‌తో చేసిన బెలూన్లను హైడ్రోజన్‌తో నింపి 30 కిలోమీటర్లకు పైగా పంపుతారు. హైదరాబాద్ భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి తక్కువ శక్తి గల కాస్మిక్ కిరణాలను భూమి అయస్కాంత క్షేత్రమే పక్కకు నెట్టేస్తుంది. ఎక్స్-కిరణాల ఖగోళ పరిశీలనకు ఆ నిశ్శబ్దం ఎంతో ఉపకరించింది. పని అయ్యాక పరికరాలు పారాచూట్‌తో తెలంగాణ, కర్ణాటక పల్లెల్లో దిగుతుంటాయి. పొలంలో పడితే తెరవకండి, లోపల అధిక వోల్టేజి ఉండొచ్చు. పెట్టె మీద ఉన్న నంబర్‌కి గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ చెప్పండి. మీకు ఇనుప సామాను అనిపించేదాంట్లో ఎవరివో ఏళ్ల శ్రమ, కొలతలు ఉంటాయి.

లద్దాఖ్‌లోని మేస్ టెలిస్కోప్‌కీ హైదరాబాద్‌కీ సంబంధం ఏమిటి?

హాన్లేలో 4,270 మీటర్ల ఎత్తున ఉన్న ఆ 21 మీటర్ల టెలిస్కోప్‌ని భాభా అణు పరిశోధన కేంద్రం హైదరాబాద్ ఈసీఐఎల్ తోడ్పాటుతో కట్టింది. గామా కిరణం గాలిలో పుట్టించే కణాల జల్లు నుంచి వచ్చే చెరెంకోవ్ కాంతిని (గాలిలో కాంతి కంటే వేగంగా పోయే కణాలు వదిలే నీలి మెరుపు) అది పడుతుంది. 2024 అక్టోబర్‌లో ప్రారంభించారు.

ఆర్జెంటీనాలోని పియెర్ ఓజే అబ్జర్వేటరీకి 3,000 చదరపు కిలోమీటర్లు ఎందుకు కావాల్సి వచ్చింది?

అత్యధిక శక్తి గల కణాలు అంత అరుదు కాబట్టి. 10కి 20వ ఘాతం ఎలక్ట్రాన్ వోల్టులు దాటినవి చదరపు కిలోమీటరుకు వందేళ్లలో ఒకటి వస్తాయని స్థూలమైన లెక్క. చిన్న స్థలంలో కూర్చుంటే జీవితకాలం చాలదు. పియెర్ ఓజేలో ఒకటిన్నర కిలోమీటర్ల ఎడంతో 1,660 నీళ్ల ట్యాంకులు, ఒక్కోదానిలో 12,000 లీటర్ల శుద్ధమైన నీరు. అమెరికాలోని యూటాలో 1991 అక్టోబర్ 15న కనిపించిన ఒక్క కణం శక్తి సుమారు 50 జౌళ్లు. అక్కడే 2021 మేలో దొరికిన ఇంకో పెద్ద కణానికి అమతెరసు అని పేరు పెట్టారు. అది వచ్చిన దిక్కున చెప్పుకోదగ్గ గెలాక్సీ ఏదీ లేదు. ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఈనాటికీ తేలలేదు.

జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో కణాలను ఢీకొట్టించే అంత పెద్ద యంత్రం ఉండగా ఇవన్నీ దేనికి?

సెర్న్ యంత్రం మనం కోరినప్పుడు, కోరిన చోట కణాలను ఢీకొట్టిస్తుంది. సెకనుకు 4 కోట్ల సార్లు ప్రోటాన్ గుంపులు ఎదురుపడతాయి కాబట్టి అరుదైన సంగతులు కూడా దొరుకుతాయి. 2012లో హిగ్స్ కణం దొరికింది అలాగే. కాస్మిక్ కిరణాలు మన మాట వినవు, కానీ వాటిలో కొన్నిటి శక్తికి మనిషి కట్టిన ఏ యంత్రమూ దరిదాపుల్లోకి రాదు. ఒకటి ఉందని రెండోదాన్ని వదులుకునే పని లేదు. పాజిట్రాన్ (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్), మ్యూయాన్, పయాన్ మూడూ ముందు కాస్మిక్ కిరణాల్లోనే దొరికాయి.

తమిళనాడులోని తేని జిల్లాలో న్యూట్రినో అబ్జర్వేటరీ కడితే రేడియేషన్ వస్తుందా?

రాదు. డిటెక్టర్ ఏమీ వెదజల్లదు, వచ్చినదాన్ని పట్టుకుంటుందంతే. న్యూట్రినోలు అది కట్టినా కట్టకపోయినా మనలోంచి పోతూనే ఉంటాయి. పొట్టిపురం దగ్గర అనుకున్నది 50,000 టన్నుల అయస్కాంతీకరించిన ఇనుప డిటెక్టర్. రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు, కోర్టు కేసులూ నడిచాయి, ఇంకా కట్టలేదు. అయితే కొండ తవ్వకం, పేలుళ్లు, నీరు, పశ్చిమ కనుమల అడవి గురించి ఊరివాళ్లు అడిగినవి వేరే ప్రశ్నలు. రేడియేషన్ భయం తప్పని చెప్పి ఆ ప్రశ్నలను కూడా తోసిపుచ్చడం న్యాయం కాదని నా అభిప్రాయం.

## మీరే చేయాలనుకుంటే

ఇంట్లో క్లౌడ్ చాంబర్ చేయొచ్చా? ఏమేం కావాలి?

చేయొచ్చు, బడి పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు. గాజు అక్వేరియం తొట్టి, దాని నోటికి సరిపడా నల్లరంగు వేసిన లోహపు పలక, మందపాటి ఫెల్ట్ గుడ్డ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డ్రై ఐస్, ఒక బలమైన టార్చ్ కావాలి. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లుంటాయి. తొట్టి అడుగున లోపలివైపు ఫెల్ట్ అంటించి ఆల్కహాల్‌తో తడపండి. తొట్టిని తలకిందులు చేసి పలక మీద బోర్లించి, సందు లేకుండా మూయండి. పలక కింద డ్రై ఐస్ పరవండి. పైన ఫెల్ట్ గది వేడిలోనే ఉంటుంది, కింద పలక సున్నా కంటే ఎంతో దిగువకు చల్లబడుతుంది.

పది పదిహేను నిమిషాలు ఆగి, గది చీకటి చేసి, పక్క నుంచి టార్చ్ వెయ్యండి. ముందు సన్నటి తుంపర రాలుతూ కనిపిస్తుంది. తర్వాత పలకకు ఒక సెంటీమీటరు ఎత్తులో గీతలు మొదలవుతాయి. పొట్టిగా, లావుగా ఉన్నవి గాలిలోని రాడాన్ వదిలే ఆల్ఫా కణాలు. సన్నగా, తిన్నగా తొట్టి పొడుగునా సాగేవి ఎక్కువగా మ్యూయాన్లు. వంకర్లు తిరిగేవి ఎలక్ట్రాన్లు. ఒక్కో గీత రెండు మూడు సెకన్లు నిలిచి కరిగిపోతుంది.

జాగ్రత్తలు: డ్రై ఐస్‌ని వట్టి చేత్తో ముట్టుకోవద్దు, మూతబిగించిన డబ్బాలో పెట్టొద్దు. కిటికీలు తెరిచి ఉంచండి. ఆల్కహాల్ దగ్గర అగ్గిపుల్ల, స్టవ్ ఉండకూడదు. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

మా ఊళ్లో డ్రై ఐస్ దొరకదు, ఎలా?

కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడే పెల్టియర్ మాడ్యూళ్లతో చేయొచ్చు. ఒక్కటి చాలదు, ఒకదాని మీద ఒకటి రెండు పెట్టి, అడుగున మంచి హీట్‌సింక్, ఫ్యాన్ ఉండాలి. పలక సున్నాకు 25–30 డిగ్రీలు దిగువకు వెళ్తేనే గీతలు కనిపిస్తాయి. అందులో చూడగలిగే చోటు అరచేతిలో సగం ఉంటుంది, గీతలు తక్కువ పడతాయి.

మొబైల్ కెమెరాకు నల్ల టేపు అంటిస్తే కాస్మిక్ కిరణాలు కనిపిస్తాయా?

అప్పుడప్పుడు. సెన్సర్ చదరపు సెంటీమీటరులో పావు వంతు ఉంటే సగటున నాలుగు నిమిషాలకు ఒక మ్యూయాన్ దాన్ని దాటుతుంది. కానీ మీకు కనిపించే తెల్లచుక్కల్లో చాలావరకు వేడెక్కిన పిక్సెళ్లో, చుట్టుపక్కల రేడియోధార్మికతో అయి ఉంటాయి. ఒకే చుక్క మళ్లీ మళ్లీ అక్కడే వస్తే దాన్ని లెక్కలోంచి తీసేయండి.

కాలేజీ ప్రాజెక్టుకి ఏం కొలిస్తే బాగుంటుంది?

రెండు చిన్న సింటిలేటర్ పలకలు, కాంతిని పల్స్‌గా మార్చే రెండు సిలికాన్ ఫోటోమల్టిప్లయర్లు, ఒక ఆర్డుయినో (చిన్న కంప్యూటర్ బోర్డు) ఉంటే చాలు. అమెరికాలోని ఎంఐటీలో మొదలైన కాస్మిక్ వాచ్ డిజైన్ అందరికీ ఉచితం, విడిభాగాలు సుమారు 100 డాలర్లలో వస్తాయి. పలకల జతను వాల్చుతూ కొలిస్తే నిట్టనిలువు నుంచి కోణం పెరిగేకొద్దీ లెక్క దాదాపు కొసైన్ వర్గం ప్రకారం తగ్గడం చూడొచ్చు. వాతావరణ పీడనం పెరిగినప్పుడు మ్యూయాన్లు కొద్దిగా తగ్గుతాయి, దాన్ని పట్టాలంటే వారాల తరబడి ఆపకుండా నడపాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. 100 లెక్కిస్తే పొరపాటు అవకాశం 10 శాతం, 10,000 లెక్కిస్తే 1 శాతం. గంటసేపు నడిపి గ్రాఫ్ గీసేస్తే ఏ వంపైనా సరిపోయినట్టే కనిపిస్తుంది. రిపోర్టులో ప్రతి చుక్కకూ ఎర్రర్ బార్ (పొరపాటు ఎంత ఉండొచ్చో చూపే గీత) వెయ్యండి.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత జెస్ట్, గేట్, టాటా ఇన్‌స్టిట్యూట్ సొంత పరీక్ష రాసి పీహెచ్‌డీలో చేరడం మామూలు దారి. ఇంజినీర్లకూ చోటుంది, ఎందుకంటే ఇక్కడ ఎలక్ట్రానిక్స్, మెకానికల్, సాఫ్ట్‌వేర్ లేకుండా ఏ డిటెక్టరూ నిలబడదు. చేరేదాకా ఆగక్కర్లేదు. సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగం, ఆర్జెంటీనాలోని పియెర్ ఓజే తమ అసలు డేటాలో కొంత భాగాన్ని అందరికీ ఉచితంగా పెట్టాయి. పైథాన్ కాస్త వస్తే చాలు, డౌన్‌లోడ్ చేసుకుని ఇవాళే మొదలుపెట్టొచ్చు. ముందు జల్లుల దిశలను ఆకాశ పటం మీద గుర్తించి చూడండి.